సాహసధర్మము

ప్రాణమును కాపాడుకొనుట జీవులకెల్ల సహజధర్మము. ఆ ప్రాణమునే ఒక కోరికకొఱకు పణముగా నొడ్డుట మానవునకు మాత్రమే చెల్లిన పని. ఆకలి తీర్చుకొనుటకై పులి ప్రమాదమునకు లోనగును. పిల్లలను కాచుకొనుటకై లేడి సైతము పులి కెదురు నిలుచును. కాని ఒక శిఖరముపై క్షణకాలము నిలిచి వత్తునని మంచులోనికి పోవు జంతువు మానవుడుగాక వేఱొకటి లేదు. ఇది మానవుని గొప్పతనమా, లేక వెఱ్ఱితనమా? గొప్పతనమే యైనచో మన బిడ్డలకు దానిని నేర్పవచ్చునా? నేర్పదలచినచో ఎంతవఱకు నేర్పవలెను? ఈ ప్రశ్నలను గూర్చి కొంత విచారింపదలచితిమి.

సారపాకవంటి యూర కూర్చుండి మంచుకొండల మాట యెత్తుట కొందఱకు వింతగా తోచవచ్చును. గోదావరి కీ యొడ్డున సారపాక, ఆ యొడ్డున భద్రాచలము; నడుమ 1965వ సంవత్సరమున ప్రారంభమైన వంతెన; ఒకప్రక్క కాగితపు కర్మాగారము, మిగిలిన ప్రక్కల అడవి. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటు ఈ సీమలో మంచనగా సోడాదుకాణములోని మంచుగడ్డయే. అయినను ప్రశ్న మన గుమ్మములోనికే వచ్చినది. 2014వ సంవత్సరము మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరముపై నిలిచిన ఇద్దఱు తెలుగుపిల్లలలో ఒకడు, సాధనపల్లి ఆనంద్‌కుమార్, అప్పటి ఖమ్మము జిల్లాలో, భద్రాచలమునకు ఎగువనున్న చర్ల ప్రాంతమువాడు. సైకిళ్లు బాగుచేసి బ్రదుకు ఒక సామాన్యుని కొడుకు. అతనితోపాటు శిఖరము చేరిన మాలావత్ పూర్ణ నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు లంబాడీ బాలిక. తల్లిదండ్రులు వ్యవసాయపు కూలీలు. అప్పటి కామె వయస్సు 13 ఏండ్ల 11 నెలలు. అంతకుముందు అంత చిన్ననాట ఆ శిఖరము నెక్కిన బాలిక లోకమున లేదు. ఇద్దఱును సాంఘిక సంక్షేమశాఖవారి గురుకుల విద్యాలయములలో చదువుకొనుచుండిన పిల్లలు.

ఆ వార్త వెలువడిన నాడు రాష్ట్రమంతయు జయజయధ్వానములు చేసినది. అది సహజమే. కాని జయధ్వనుల నడుమ ప్రశ్నలు వినబడవు. నేటికి పదేండ్లకు పైబడి గడచినది గనుక ఆ సంగతిని నెమ్మదిగా తలపోయుటకు వీలు కలిగినది.

ఇట్టి కార్యములపై గృహస్థులు చేయు ఆక్షేపణలు మూడు. ప్రాణము ఒక్కనిది కాదు, కని పెంచినవారిది, కట్టుకొన్నవారిది, కన్నబిడ్డలది. ఉమ్మడి సొత్తును ఒకడు తన ముచ్చటకై పణమొడ్డుట అన్యాయమనునది మొదటిది. శిఖరముపై పంట పండదు, నీరూరదు, రోగి కుదురుకొనడు. ఫలములేని పనికై ప్రాణము వెచ్చించుట అవివేకమనునది రెండవది. ఇది కడుపు నిండినవారి విలాసము, కూటికి లేనివానికి కొండ యెందుకనునది మూడవది. ఈ మాటలను పిఱికితనమని త్రోసిపుచ్చుట తగదు. ఇవి మన తల్లుల నోటినుండి వచ్చుచున్న మాటలు. వీనిలో ప్రేమయు ఉన్నది, అనుభవమును ఉన్నది. వీనికి సమాధానము చెప్పలేని సాహసము సాహసమే కాదు.

ముందుగా పదమును పరిశీలింతము. మన ధర్మశాస్త్రకారులు సాహసమను మాటను మెచ్చుకోలుగా వాడలేదు. న్యాయస్థానమునకు వచ్చు తగవులను వారు పదునెనిమిది విధములుగా విభజించిరి, అందు సాహసమొకటి. బలిమిచే చేయు దుష్కార్యమని దాని యర్థము. ఆ నేరములకు విధించు దండనములకును ప్రథమసాహసము, మధ్యమసాహసము, ఉత్తమసాహసము అని పేళ్లు పెట్టిరి. నేరమునకు నదే పేరు, జరిమానాకు నదే పేరు! కథలు చెప్పువారి కాలమునకు వచ్చుసరికి ఆ మాటయే విక్రమార్కునకు బిరుదమైనది, అతడు సాహసాంకుడు. ఒకే పదము నేరముగను కీర్తిగను నిలుచుట అక్రమము కాదు. మన తెలుగునందును ఇట్టిదే కలదు. తెగువ యనినచో మెచ్చుకొందుము. తెంపరితన మనినచో చీదరించుకొందుము. రెంటిలోను తెగుటయే ఉన్నది. తెగువగలవాడు తనలోని భయమును తెంపుకొన్నవాడు. తెంపరి తనవారి యెడల తనకుగల బాధ్యతను తెంపుకొన్నవాడు. ఈ రెంటికిని నడుమ గీత ఎచ్చట గీయవలెనన్నదే మన విచారము.

గీత గీయుటకు ముందు ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. ప్రమాదము బీదలకు క్రొత్తది కాదు. ఏప్రిలు, మే మాసములందు తెల్లవాఱకముందే తునికాకు కోయుటకు అడవిలోనికి పోవు కోయస్త్రీ, పొదచాటున ఎలుగుబంటి యుండవచ్చునని యెఱుగును, ఎఱిగియు పోవును. ఏబది ఆకుల కట్టకు ఇంతయని ఆమెకు వచ్చు కూలి. ఆమెను సాహసవతియని పిలిచినవారు లేరు. ఇక గోదావరి సంగతి చెప్పనక్కఱలేదు. భద్రాచలమువద్ద నీటిమట్టము 53 అడుగులకు చేరినపుడు మూడవ ప్రమాదసూచిక ఎగురవేయుదురు. 1986వ సంవత్సరమున అది 75 అడుగులు దాటినది. 2022 జులైలో మరల 71 అడుగులు దాటి, సారపాకనుండి భద్రాచలమునకు పోవు వంతెనపై రాకపోకలే నిలిచిపోయినవి. అట్టి దినములలో మోకాలిలోతు నీటిలో ముసలివారిని వీపున మోసికొనిపోయినవారు పేరులేని సాహసులు.

2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరువద్ద వరదగోదావరిలో మునిగినది. 26 మంది మాత్రము ప్రాణములతో బయటపడిరి, ఏబదిమందివఱకు మరణించిరి. వారు విహారమునకు పోయినవారేగాని ప్రాణములొడ్డుటకు పోయినవారు కారు. నీటి వేగమెంత, ఆ మలుపున సుడి యెట్టిది, నేడు పోదగునా పోదగదా యన్న ప్రశ్నలలో ఒక్కదానికైనను సమాధానము చెప్పి, వారి సమ్మతి నడిగినవారు లేరు. ఎవరెస్టు నెక్కువాడు తన ప్రమాదమును ఎఱిగి పోవును. ఆ పడవ నెక్కినవారు ఎఱుగక పోయిరి. ఈ రెంటిలో ఏది యెక్కువ ఘోరమో పాఠకులే నిర్ణయింతురుగాక.

కావున బీదలకు లేనిది ప్రమాదము కాదు, ప్రమాదముపై అధికారము. ముందుగా తెలిసికొను ఎఱుక, తెలిసిన పిదప సిద్ధపడుటకు శిక్షణ, సిద్ధపడియు వలదనుకొన్ననాడు వెనుదిరుగు హక్కు—ఈ మూడును కలిగినచోట ప్రమాదము మనుష్యుని పెంచును. ఇవి లేనిచోట మ్రింగును. కలవానికిని లేనివానికిని ఈ విషయమున గల భేదము ఇంతయే. కలవాడు ప్రమాదమును వెదకికొని పోయి, చాలుననుకొన్నచోట నిలిచి, ఇంటికి వచ్చును. లేనివానిని వెదకికొని ప్రమాదమే ఇంటికి వచ్చును. మూడవ ఆక్షేపణకు ఇదియే మా సమాధానము. కొండ కలవారి విలాసముగా ఉండినమాట నిజమే. అందుచేతనే ఒక సైకిలు మరమ్మతుదారుని కొడుకును, ఒక కూలివాని కూతురును తాముగా ఎఱిగి, తాముగా సిద్ధపడి, ఒక ప్రమాదము నెదుర్కొనుట మన సంఘచరిత్రలో లెక్కింపదగిన సంగతి యైనది.

శిక్షణ యనగా నేమో స్పష్టపడుటకు దూరదేశపు దృష్టాంతమొకటి గైకొందము. శీతకాలమున సైబీరియానుండి వీచు చలిగాలి సముద్రముపై నీటియావిరిని గ్రహించి, జపాను దేశపు కొండలకు తాకి, మంచుగా దిగును. ఆ దేశపు పడమటి తీరమునను, ఉత్తరమున హొక్కాయిడో ద్వీపమునను అది మనిషిలోతుకు మించి పేరుకొనును. తరతరములుగా ఆ ప్రజలకది శత్రువు. 1902వ సంవత్సరము జనవరిలో అవొమోరి సమీపమున హక్కోద కొండలలోనికి చలికవాతునకై 210 మంది సైనికులను పంపిరి. గాలివాన వంటి మంచుతుపాను పట్టుకొనగా దారి తప్పి 199 మంది మరణించిరి. వారికి ధైర్యము లేక కాదు. ఎఱుకయు సన్నాహమును చాలక, వెనుదిరుగవలసిన వేళ వెనుదిరుగక చనిపోయిరి. తొమ్మిదేండ్ల పిమ్మట, 1911 జనవరిలో, థియొడోర్ ఫాన్ లెర్హ్ అను ఆస్ట్రియా సైన్యాధికారి తకద పట్టణమున జపాను సైనికులకు పొడవైన పలకలను పాదములకు కట్టుకొని మంచుపై జారు విద్యను నేర్పెను. దానినే స్కీ విద్య యందురు.

ఆ విద్య నేడచ్చట ఎంత వ్యాపించినదో చూడవలెనన్నచో నాగానో మండలమునందలి షిగా కొగెన్ వంటి పెద్ద స్కీ క్షేత్రమును చూడవలెను. ఒకదానితో నొకటి కలిసిన అనేకమైన కొండవాలులు. వానిలో ఎత్తైన యొకొతె శిఖరము 2,307 మీటర్లు. 1998వ సంవత్సరపు శీతకాల ఒలింపిక్ పోటీలలో కొన్ని అచ్చటనే జరిగినవి. ఉక్కుత్రాటికి వ్రేలాడు కుర్చీలు మనుష్యులను పైకి చేర్చును. పలకలు క్రిందికి చేర్చును. అచ్చట మమ్ము ఆకర్షించు విషయము మంచు అందము కాదు. ప్రమాదమునకు వారు చేసిన ఏర్పాటు. ఏ వాలు ఎవరికి తగినదో రంగులచే తెలుపుదురు: నేర్చుకొనువారికి ఆకుపచ్చ, కొంత నేర్చినవారికి ఎఱుపు, ఆఱితేరినవారికి నలుపు. హద్దులకు త్రాళ్లు కట్టుదురు. హిమపాతపు భయమున్ననాడు వాలును మూసివేయుదురు. దెబ్బతిన్నవారిని మోసికొనివచ్చుటకు కావలివారు సర్వదా సిద్ధముగా నుందురు.

ఇక అచ్చట గురువు చెప్పు మొదటి పాఠము మిక్కిలి గమనింపదగినది. అది జారుట కాదు. జారుట ఎవరికైనను వచ్చును. అందులకు వాలు చాలును. మొదటి పాఠము ఆగుట. రెండు పలకల ముందు కొనలను దగ్గఱకు చేర్చి, వెనుక కొనలను ఎడముచేసి, మడమలతో మంచును త్రోసి వేగము నణచుట. రెండవ పాఠము పడుట: ముందునకు బోరగిలక, ప్రక్కకు ఒరిగి, ఎముకలు విఱుగకుండ పడి, మరల లేచుట. పడుట నేర్వనివాడు పైవాలునకు అర్హుడు కాడు. మన విద్యాలయములలో పడుట నేర్పువారెవరు? పరీక్షలో తప్పిన బాలుడు ఇంటికి రాక నూతి గట్టున కూర్చుండు దేశమున ఈ రెండవ పాఠము విలువ ఎంతని చెప్పవలెను? మంచు కురియు సీమలలో జపానువారు ఈ విద్యను బడిలోని వ్యాయామపాఠములలో నొకటిగా చేర్చిరి. ఒకనాడు సైనికులను పొట్టనుబెట్టుకొన్న మంచునే పిల్లలకు పాఠశాలగా మార్చుకొనిరి. త్రాడు దాటి, అడుగుపడని మంచుపై ఆశపడి పోయి, హిమపాతమున చిక్కి మరణించువారు అచ్చట నేటికిని కలరు. అది విద్య లోపము కాదు, విద్య గీచిన గీతను మీఱుట.

మన పిల్లల విషయమునను ఇట్టి సన్నాహమే జరిగినది. నాటి గురుకులసంస్థ కార్యదర్శి ఆర్. ఎస్. ప్రవీణ్‌కుమార్ గారి పూనికతోను, పర్వతారోహకుడు శేఖర్‌బాబు గారి శిక్షణతోను, పిల్లలు ముందుగా భువనగిరి రాతికొండపై త్రాళ్లు పట్టుకొని ఎక్కుట నేర్చిరి. వారిలోనుండి కొందఱను ఏర్చి డార్జిలింగునందలి హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపిరి. టెన్సింగు ఎవరెస్టు నెక్కిన మఱుసటి యేట, 1954లో, నెలకొల్పబడిన సంస్థ అది. అందును ఏఱి, లడాఖు చలిలో నిలుపగా, తుట్టతుదకు మిగిలినవారు ఇద్దఱు. వార్తాపత్రికలు ఆ ఇద్దఱిని చూచినవి. మేము మాత్రము భువనగిరి కొండపై త్రాడు పట్టుకొని, సగము దూరమెక్కి, కాళ్లు వణకగా దిగివచ్చిన తక్కిన పిల్లలనుగూర్చి తలంచుచున్నాము. వారి పేళ్లు ఎవరికిని తెలియవు. అయినను భయమనగా నేమో, అది ఎంతవఱకు నిజమో, ఎంతవఱకు నీడయో వారు తమ అఱచేతులతో తెలిసికొనిరి. రెండవ ఆక్షేపణకు సమాధానము వారియందున్నది. శిఖరముపై పంట పండకపోవచ్చును, ఎక్కినవానిలో పండును. వెలివాడలలోను తండాలలోను పుట్టి, నీవింతేయని తరతరములుగా చెప్పించుకొన్న బిడ్డకు, నేనింతకాదని తన కాళ్లతో తెలిసికొనుట చిన్నఫలము కాదు.

ఇక కఠినమైన ప్రశ్న. 13 ఏండ్ల బాలిక అంగీకారము అంగీకారమగునా? నేపాలు ప్రభుత్వము 16 ఏండ్లు నిండనివారిని ఎవరెస్టు నెక్కనీయదు. కావున మన పిల్లలు టిబెట్టు వైపునుండి ఎక్కవలసివచ్చినది. చట్టము మీఱినవారెవరును లేరు; కాని ఒక దేశము పిల్లలకు తగదని మూసిన తలుపును, వేఱొక దేశపు తలుపున ప్రవేశించి దాటుట ఆలోచింపదగిన సంగతియే. దారిలో మృతదేహములను చూచితినని పూర్ణయే తరువాత చెప్పినది. సర్కారువారి విద్యాసంస్థ కోరినపుడు ఒక కూలి తండ్రి వలదని చెప్పగలడా? చెప్పుటకు అతనికి నోరున్నదా?

కొందఱు దీనికి ఎదురుప్రశ్న వేయుదురు. అదే వయస్సు బాలికకు పెండ్లి చేయునపుడు, ప్రత్తిచేలలో పనికి పెట్టునపుడు, ఆమె అంగీకారమును అడిగినవారెవరు? అప్పుడు లేవని నోళ్లు కొండ యెక్కునపుడే లేచుట యేమి? ఈ మాటలో న్యాయమున్నది. కాని ఒక యన్యాయము వేఱొక సందేహమునకు సమాధానము కాజాలదు. పూర్ణ పెరిగి పెద్దదై, తానై కోరి, ఏడు ఖండముల ఏడు శిఖరములను ఎక్కి 2022 జూనులో ముగించినది. బాల్యమున చేసిన పనిని యౌవనమున తన ఇచ్ఛచే ధ్రువపఱచినది. అది ఆమె ఘనత. అయినను విజయము నిర్ణయమును సమర్థింపదు. ఆ మే నెలలో గాలి తిరిగియుండినచో ధ్రువపఱచుటకు ఆమె మిగిలియుండెడిది కాదు. అప్పుడు మనమందఱము ఏమని యుందుము? ఏ కార్యమునైనను ఫలితము తెలియకమునుపు ఎట్లు తూచవలెనో అట్లే తూచవలెను. ఆ పిల్లల ధైర్యమునకును, వారికి దారి చూపినవారి సదుద్దేశమునకును మేము శిరస్సు వంతుము. ఆ నిర్ణయమును ఒక యాచారముగా మార్చుటకు మాత్రము సమ్మతింపము. పసివయస్సున బిడ్డలను ఎవరెస్టునకు పంపుటలో రాష్ట్రములు పోటీపడు దినము రాకూడదు. మనకు అనుకరణీయము ఎవరెస్టు కాదు, భువనగిరి.

సాహసమును తూచునపుడు మఱచిపోరాని వారు ఇంకను కొందఱు కలరు. శిఖరమెక్కువాని బరువు నెవరు మోయుచున్నారు? 1970వ సంవత్సరము మే 6వ తేదీన జపానుదేశస్థుడు యుయిచిరో మియురా ఎవరెస్టు దక్షిణపు కనుమనుండి స్కీ పలకలపై జారెను. వీపున గొడుగువంటి గుడ్డను విప్పి వేగము నణచజూచెను, అణగలేదు, పడి దొర్లి, ఒక పెద్ద మంచుబీట దాపున ఆగి, బ్రదికెను. లోకము విస్మయము చెందినది. ఆ దండయాత్రయందే, అంతకు ఒక నెల ముందు, ఖుంబు మంచుజలపాతమున ఆఱుగురు షెర్పాలు మరణించిరి. ఆ ఆఱుగురి పేళ్లు తెలిసినవారెందఱు? 2014లో మన పిల్లలు ఉత్తరపు వైపున నుండగా, ఏప్రిలు 18వ తేదీన దక్షిణపు వైపున అదే మంచుజలపాతములో 16 మంది షెర్పాలు ఒక్కమాఱు నశించిరి. ఒక్కొక్క కుటుంబమునకు 40,000 నేపాలీ రూపాయలని అచ్చటి ప్రభుత్వము మొదట ప్రకటింపగా వారు ఆగ్రహించి పని మానివేసిరి. యాత్రికుడు ఆ మంచుజలపాతమును కొన్ని మాఱులు దాటును. అతనికై నిచ్చెనలు కట్టి, గుడారములు మోసి, ప్రాణవాయువు సీసాలు చేర్చు షెర్పా దానిని పలుమాఱులు దాటును. యాత్రికునిది సాహసము, షెర్పాది కూలి! తునికాకు కోయు కోయస్త్రీకిని ఈ షెర్పాకును ఎంత దూరము? తన ముచ్చటకై ఇతరుల ప్రాణములను చౌకగా కొనుటయే ధర్మశాస్త్రకారులు చెప్పిన పాత యర్థమునందలి సాహసము. తగిన వేతనము, తగిన భద్రత, విజయమున సమానగౌరవము వారికి దక్కనంతకాలము కీర్తి యంతయు యాత్రికునిది కానేరదు.

మొదటి ఆక్షేపణ మిగిలియున్నది: ప్రాణము ఒక్కనిది కాదు. దానికి సులభమైన సమాధానము లేదు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగము గ్రామమున పుట్టిన మల్లి మస్తాన్‌బాబు కోరుకొండ సైనికపాఠశాలలో చదివి, ఖరగ్‌పూరునందును, కలకత్తాయందును ఉన్నతవిద్య ముగించి, పెద్ద యుద్యోగమును విడిచి పర్వతముల బాట పట్టెను. 2006వ సంవత్సరమున 172 దినములలో ఏడు ఖండముల ఏడు శిఖరములను ఎక్కెను. అతనికి ఎఱుక లేదనరాదు, శిక్షణ లేదనరాదు, అంగీకారము పూర్తిగా అతనిదే. అట్టివాడు 2015 మార్చిలో దక్షిణ అమెరికాయందలి ఆండీసు పర్వతములలో ఒంటరిగా పోయి, తుపానులో చిక్కి మరణించెను. భౌతికకాయమును స్వగ్రామమునకు తెచ్చిరి. అట్టి తల్లి ముందు నిలిచి సాహసమును పొగడగల ధీరుడెవడు? ఎంత విద్యయున్నను కొండకు దయ లేదు. ఈ సత్యమును దాచి పిల్లలకు కొండలనుగూర్చి చెప్పువాడు వారిని మోసగించుచున్నాడు. వయస్సు వచ్చినవాడు తనవారికి నిజము చెప్పి, వారి దుఃఖమునుగూడ తూకములో వేసి, అప్పటికిని పోవుదునన్నచో అతనిని నిర్బంధించు హక్కు మనకు లేదు. కాని తూకములో ఆ దుఃఖమును వేయక పోవువాడు ఎంత యెత్తున నిలిచినను తెంపరియే.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఏలయన ఈ మొదటి ఆక్షేపణను మనము మగవానిపై అప్పుడప్పుడును, ఆడుదానిపై అనుదినమును ప్రయోగించుచుందుము. ఎవరెస్టు నెక్కిన మొదటి స్త్రీ జపానుదేశస్థురాలు జుంకో తబెయి. 1975 మే 16వ తేదీన ఆమె శిఖరము చేరినది. ఆ యాత్రకై ధనము కూర్చబోయినపుడు ఆడవారు ఇంట నుండి పిల్లలను పెంచుకొనవలెనని ఆమెకు చెప్పిరి. శిఖరము చేరుటకు పండ్రెండు దినముల ముందు హిమపాతము ఆమె గుడారమును కప్పివేయగా షెర్పాలు త్రవ్వి బయటకు తీసిరి. ఆమె వెనుదిరుగలేదు. తల్లియైన స్త్రీకి ఇది తగునాయని అడుగువారు, తండ్రులైన పురుషులను కూడ అదే ప్రశ్న అడుగవలెను. చెట్టెక్కవలదు, పరుగెత్తవలదు, ఏటి దరికి పోవలదని పదేండ్లు చెప్పి పెంచిన బాలిక వరదవచ్చిన నాడు ఏమి చేయును? ఎవరో వచ్చి ఎత్తుకొనువఱకు నిలుచును. మనము కాపాడుచున్నామనుకొనుచు, తన్ను తాను కాపాడుకొను శక్తిని ఆమె చేతులనుండి తీసివేయుచున్నాము. అది వాత్సల్యము కావచ్చును; రక్షణ మాత్రము కాదు.

ఇక కర్తవ్యమేమి? మాకు జపానువారి మంచు లేదు, గోదావరి యున్నది. భువనగిరి వంటి కొండ ప్రతి తాలూకాలోను లేకపోవచ్చును. గుట్టలేని మండలము మాత్రము మన సీమలో లేదు. గోదావరి యొడ్డున పుట్టిన పిల్లలలో ఈదుట ఎఱుగనివారు ఎందఱో యున్నారు. స్నానమునకు దిగి తిరిగిరాని వారిని గూర్చి వేసవి సెలవులలో మనము పత్రికలందు చదువుచునే యున్నాము. మంచును పాఠశాలగా మార్చినవారు కలరు. మనము ఏటిని ఇప్పటికిని శ్మశానముగానే ఉంచుకొన్నాము. ప్రతి గ్రామమునను, ఒక మేరకు త్రాడు కట్టి, నేర్పరియైన గురువును నిలిపి, బాలురకును బాలికలకును ఈత నేర్పవలెను. కడవయు, ఎండిన సొఱకాయయు, లారీచక్రపు రబ్బరుగొట్టమును ఎట్లు తేల్చునో చూపవలెను. గుట్ట నెక్కించి, దిగుట ఎక్కుటకంటె కష్టమని తెలియజెప్పవలెను. అడవి జాడలు పుట్టుకతో నెఱిగిన కోయపెద్దలను గురువులుగా పిలిచి గౌరవింపవలెను. ముఖ్యముగా, సగములో వెనుదిరిగి వచ్చిన బిడ్డను ఎగతాళి చేయకుండుట మన మందఱము నేర్చుకొనవలెను. వెనుదిరుగుటకు సిగ్గుపడువాడే పర్వతములమీద ఎక్కువగా చనిపోవును, జీవితమునందును అంతే.

ఇట్లు పెరిగిన బిడ్డలలో ఏ ఒక్కరో ఒకనాడు 8,848 మీటర్ల యెత్తునకు పోదునని కోరవచ్చును. అప్పుడు వారికి వయస్సు వచ్చియుండవలెను, విద్య వచ్చియుండవలెను, బరువు మోయువారియెడ కృతజ్ఞత యుండవలెను, ఇంటిలో ఏడ్చువారి ముఖము కన్నులముందు మెదలుచుండవలెను. ఇవి యున్నచో పోనిత్తము. తక్కినవారెవరును ఆ యెత్తునకు పోనక్కఱలేదు. వరద వచ్చిన రాత్రి ప్రక్కయింటి ముసలమ్మను ఒడ్డునకు చేర్చి, మరల నీటిలోనికి దిగవలెనా వలదాయని వణకక ఆలోచింపగలిగినచో, ఆ బిడ్డకు మనము నేర్పిన సాహసము చాలును.